పాప చేతికి చాకు ఇచ్చే ముందు

అమ్మాయీ,

పాపకి ఐదేళ్ళు నిండాయి, వంటింట్లో సాయం చేస్తానని వెంటపడుతోంది, చాకు ఇవ్వాలంటే భయం అని రాశావు. భయపడాల్సింది చాకుకి కాదు, వేడి నీళ్ళకి. చాకు గాయం చాలావరకు కట్టుతో మానుతుంది. పిల్లల చర్మం పల్చన, 60 డిగ్రీల నీళ్ళు పడితే క్షణాల్లో లోతుగా కాలుతుంది. కప్పులో పోసిన టీ పావుగంట తర్వాత కూడా కాల్చగలదు.

అందుకే ముందు చోటు సంగతి చూడు. స్టవ్ నుంచి మీటరు దూరంలో నేలమీద రంగు టేపు అంటించి, మంట ఉన్నంతసేపూ పాప అది దాటకూడదని చెప్పు. గిన్నెల పిడులు గోడ వైపు తిప్పు, మరిగేవి వెనక బర్నర్ మీద పెట్టు. పాప పని బల్ల దగ్గరే. బల్ల దాని నడుము ఎత్తుకి రావాలి. పీట వేస్తే కదలనిది వెయ్యి. జుట్టు ముడెయ్యి, బట్టల చేతులు వేలాడుతుంటే మడిచిపెట్టు.

ఈ వయసుకి ఆకులు తుంచడం, బఠానీలు ఒలవడం, కూరగాయలు కడగడం, పిండి కొలవడం సరిపోతాయి. పని మొదటినుంచి చివరిదాకా దానిదే కావాలి. సగంలో నువ్వు లాక్కుంటే ఇంకోసారి రాదు. కలపడానికి ఇచ్చే గిన్నె సగానికి మించి నింపకు, కింద తడిగుడ్డ పరిస్తే జారదు. పచ్చి పిండి, పచ్చి గుడ్డు నాకనివ్వకు. పిండి పొడిగా ఉన్నా ఉడకనిదేగా, రోగాలు తెచ్చే క్రిములు ఉండొచ్చు. మొదలుపెట్టే ముందు, పచ్చి గుడ్డో మాంసమో ముట్టుకున్నాక, సబ్బుతో 20 సెకన్లు చేతులు కడిగించు.

ఇక చాకు. మొదట మొద్దు చాకు, అరటిపండు. ఆ తర్వాత ఉడికి చల్లారిన బంగాళాదుంప, ఆపైన దోసకాయ. గుండ్రటి కాయని నువ్వే నిలువునా చీల్చి, చదునైన వైపు కిందికి పెట్టి ఇవ్వు, దొర్లదు. పట్టుకున్న చేతి వేళ్ళ కొనలు లోపలికి మడిచి ఉంచమను. క్యారెట్ గట్టిది, అందరూ అదే ముందు ఇస్తారు, నిజానికి అది చివర్న ఇవ్వాల్సింది. పెద్దయ్యాక అసలు చాకు ఇచ్చేటప్పుడు పదునున్నదే ఇవ్వు. మొండిదైతే బలంగా నొక్కాలి, నొక్కితే జారుతుంది. కింద పడితే పట్టుకోబోకుండా వెనక్కి జరగడం నేర్పు. సింకులో నురగ నీళ్ళ అడుగున చాకు వదలొద్దు. ఇది నీకూ చెబుతున్నాను.

పీలర్ వాడేటప్పుడు కాయ గాలిలో పట్టుకోకుండా బోర్డుకి ఆనించి, తనకి దూరంగా తొయ్యాలి. తురిమేటప్పుడు బొటనవేలంత ముక్క మిగలగానే ఆపించు, మిగతాది నువ్వు తురుము. పచ్చిమిరపకాయలు అసలు ఇవ్వకు. ఆ ఘాటు వట్టి నీళ్ళకి పోదు, చేతులకి నూనె రాసి, తర్వాత సబ్బుతో కడగాలి.

స్టవ్ దగ్గరకి ఎనిమిది, తొమ్మిదేళ్ళప్పుడు, నువ్వు పక్కనుంటేనే. మొదటి పాఠం వెలిగించడం కాదు, ఆపడం. మూత అవతలి అంచు ముందు లేపితే ఆవిరి ముఖానికి కొట్టదు. తడి ముక్కలు వేడి నూనెలో వేస్తే నీరు ఒక్కసారి ఆవిరై నూనెని చిమ్ముతుంది, కాబట్టి తుడిచి వెయ్యాలి. బాగా నూనె పోసి వేయించడం, ప్రెషర్ కుక్కర్ తెరవడం ఇప్పట్లో వద్దు. మిక్సీ జార్‌లో చెయ్యి పెట్టేముందు ప్లగ్ తీయడం నీకైనా తప్పదు.

ఎంత చూసినా ఒకోసారి కాలుతుంది. వెంటనే కుళాయి కింద చల్లటి నీళ్ళు 20 నిమిషాలు పారనివ్వు. వాపు రాకముందే గాజులు, ఉంగరం తియ్యి. చర్మానికి అతుక్కున్న గుడ్డ లాగకు. ఐసు, టూత్‌పేస్టు, నెయ్యి ఏవీ పెట్టొద్దు. ముఖం మీదైనా, చేతుల మీదైనా, పాప అరచేతికన్నా పెద్దదైనా డాక్టరు చూడాల్సిందే. బాణలిలో నూనెకి మంట అంటుకుంటే స్టవ్ ఆపి, మూతపెట్టి, చల్లారేదాకా తెరవకు. నీళ్ళు పోశావంటే మంట పైకి ఎగదన్నుతుంది.

తొందరలేని రోజు చూసుకుని బఠానీలతో మొదలుపెట్టు. నేలమీద పడేవి పడతాయి, ఏరే పని కూడా దానికే ఇవ్వు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ