సమాధానం: నాన్నగారి 1997 మారుతి 800ని తుక్కుకి ఇచ్చెయ్యాలా?

తమ్ముడూ, తుక్కుకి మాత్రం ఇవ్వకు. అలాగని లక్షలొస్తాయనీ అనుకోకు. 1983 చివర్లో వచ్చిన తొలి మోడల్ మారుతి 800 (ఎస్‌ఎస్80) బండ్లకున్న గిరాకీ దీనికి లేదు. దీని విలువంతా ఒరిజినల్‌గా ఉండటంలోనే: కంపెనీ రంగు, సీట్లు, ఒకే ఓనరు. కొత్త రంగు వేయించకు, పాలిష్ చాలు.

2024 బుడమేరు వరద నీళ్లు విజయవాడ సింగ్ నగర్‌లో మీ షెడ్డులోకి వచ్చాయన్నావు కాబట్టి నేరుగా సెల్ఫ్ కొట్టకు. డిప్‌స్టిక్ (ఇంజిన్ ఆయిల్ మట్టం చూసే పుల్ల) మీద ఆయిల్ పాలు కలిసిన టీలా ఉంటే నీళ్లు చేరినట్టే. ఆయిల్, ఫిల్టర్, పాత పెట్రోలు తీసేయించు. మూడు స్పార్క్ ప్లగ్గులూ విప్పి, ఒక్కో సిలిండర్‌లో టీస్పూను ఆయిల్ పోసి, క్రాంక్ పుల్లీ (ఇంజిన్ పక్కన బెల్టు తిరిగే కింది చక్రం) బోల్టుకి స్పానర్ పెట్టి ఇంజిన్‌ని చేత్తో తిప్పు. బిగుసుకుంటే బలవంతం చెయ్యకు. టైమింగ్ బెల్టు ఎలాగూ మార్చాలి. పెట్రోలు రబ్బరు పైపులూ అంతే, ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలుకి పాత రబ్బరు పాడై కారుతుంది, నిప్పంటుకునే ప్రమాదం.

తర్వాత మ్యాట్లెత్తి ఫ్లోరుని స్క్రూడ్రైవరుతో పొడిచి చూడు. దిగబడితే ఆటోనగర్‌లో ఆ ముక్క కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించు. పుట్టీ పెట్టనివ్వకు, దాని కింద తేమ నిలిచి తుప్పు లోలోపలే తింటుంది.

ఆర్‌సీ గడువు చూసుకో. ఫారం 25తో 5 ఏళ్లకి రెన్యువల్ చేస్తారు. చెల్లే ఆర్‌సీ లేని బండికి మంచి ధర రాదు.