ఆఖరి ఎపిసోడ్ దాచుకున్న అమ్మాయికి

అమ్మాయీ,

నువ్వు పంపిన ఐదు వ్యాసాలూ చదివాను. రెండు సీరియళ్ళ మీద, రెండు సినిమాల మీద, ఒకటి నవల మీద. పెన్సిల్ పట్టుకుని చదివే పాడలవాటు నాది. ‘బాగుంది’ పదకొండు చోట్ల, ‘అద్భుతం’ ఆరు చోట్ల తగిలాయి. అన్నిటికీ సున్నాలు చుట్టాను. కోపం తెచ్చుకోకు.

వాటితో పాటు పెట్టిన ఉత్తరం కూడా చదివాను. అందులో సంతకానికి కాస్త పైన ఒక మాట రాశావు. ఆ సీరియల్ ఆఖరి ఎపిసోడ్‌ని నాలుగు నెలలుగా చూడకుండా దాచుకున్నానని, చూస్తే ఇక అయిపోతుందని భయమని. నీ ఐదు వ్యాసాల్లో ఎక్కడా అంత మంచి మాట లేదు. అదే సీరియల్ మీద రాసిన వ్యాసంలో ఏమున్నాయి? పకడ్బందీ కథనం, ఉన్నత నిర్మాణ విలువలు, ఆకట్టుకునే నేపథ్య సంగీతం. ఇవన్నీ ఎవరెవరివో మాటలు. ఆ భయం ఒక్కటే నీది. దాన్ని వ్యాసంలో పెట్టకుండా ఉత్తరం చివర ఎందుకు పడేశావు?

ఎందుకో నాకు తెలుసులే. అభిప్రాయం రాయాలనగానే జడ్జి కుర్చీ ఎక్కేస్తాం. అక్కడ కూర్చున్నాక భయం గురించి మాట్లాడితే బాగుండదనిపిస్తుంది. నేనూ చాలా ఏళ్ళు ఆ కుర్చీలోనే కూర్చుని రాశాను. ఇప్పుడు ఆ కాగితాలు తిరగేస్తే ఎవరు రాశారో పోల్చుకోలేనట్టు ఉంటాయి.

‘లోకో భిన్నరుచిః’ అంటుంటాం చూడు, వాదన తెగనప్పుడు దులిపేసుకోవడానికి. ఇలాంటి మాటే కాళిదాసు రఘువంశం ఆరో సర్గలో అన్నాడు. ఇందుమతీ స్వయంవరం జరుగుతూంటుంది. పక్కనున్న పరిచారిక సునంద ఒక్కో రాజునీ ఆమెకు వర్ణించి చెబుతూంటుంది. అంగరాజు గురించి అంత గొప్పగా చెప్పినా ఇందుమతి అతని మీంచి చూపు తిప్పుకుని ‘పద’ అంటుంది. అతను కోరదగనివాడనీ కాదు, ఆమెకు మంచిచెడ్డలు చూడడం తెలియకా కాదు, లోకంలో రుచులు వేరు అంటాడు కాళిదాసు. ఇద్దరిలో ఎవరి మీదా తప్పు వేయలేదు గమనించావా? నీకు నచ్చని ఆ నవల మీద రాసినప్పుడు మొదటి పేజీలో రచయితను తిట్టావు, రెండో పేజీకొచ్చేసరికి ‘నాకే అర్థం కాలేదేమో’ అని నిన్ను నువ్వు తిట్టుకున్నావు. ఇద్దర్నీ వదిలేసి, ఏ పేజీ దగ్గర పుస్తకం మూసేశావో, ఆ పేజీలో ఏముందో రాయి. పూర్తిగా చదవని పుస్తకం గురించి కూడా రాయొచ్చు. పూర్తిగా చదివినట్టు మాత్రం రాయకూడదు.

నా సంగతి ఒకటి చెబుతాను. ఒకప్పుడు ఒక పత్రికకు నవల మీద సమీక్ష రాయాల్సి వచ్చింది. గడువు మర్నాడే. పంటి నొప్పితో దవడ పట్టుకుని రాత్రికి రాత్రి చదివేసి, ‘ఊపిరాడనివ్వని నీరసమైన రచన’ అని రాసి పడేశాను. కొన్నేళ్ళ తర్వాత తీరిగ్గా చదివితే ఆ నెమ్మదే అందులో అందం. నేను రాసింది నవల మీద సమీక్ష కాదమ్మా, పన్ను మీద. అది అచ్చయిపోయింది, ఇప్పటికీ ఎక్కడో ఉంది.

అందుకే నీ రెండో వ్యాసం దగ్గర నవ్వొచ్చింది. రాత్రంతా కూర్చుని ఎనిమిది ఎపిసోడ్లు వరసపెట్టి చూసి, ఆరో ఎపిసోడ్‌లో సాగదీశారన్నావు. సాగింది కథో, తెల్లవారుజామున మూడున్నరకి నీ కళ్ళో! ఆరోది ఇంకోరోజు విడిగా చూడు. అప్పటికీ సాగితే నిస్సంకోచంగా రాయి. ఎప్పుడు, ఎలా చూశావో కూడా ఒక ముక్క రాయి.

ఇంకో చోట ‘ఆ నటుడు కళ్ళతోనే నటించాడు’ అన్నావు. సుమారు వందేళ్ళ కిందట రష్యాలో లెవ్ కులెషోవ్ అనే దర్శకుడు ఒక ప్రయోగం చేశాడు. ఒక నటుడి ముఖం, ఏ భావమూ లేని ఒకే షాట్. దాన్ని ఒకసారి సూప్ గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన, ఒకసారి ఒక స్త్రీ పక్కన అతికించి చూపించాడు. ఆకలి ఎంత బాగా పలికించాడు, దుఃఖం ఎంత బాగా పలికించాడు అని చూసినవాళ్ళు మెచ్చుకున్నారని చెబుతారు. నటుల్ని తక్కువ చేయడానికి చెప్పడంలేదు. ఆ సీన్ మళ్ళీ పెట్టుకుని, ఆ కళ్ళకు ముందు తెర మీద ఏముందో చూడు. నిన్ను ఏడిపించింది ఆ కళ్ళో, అంతకు ముందు షాట్‌లోని ఖాళీ కుర్చీయో తేలుతుంది. ఎడిటర్‌కి రావలసిన పొగడ్త ఎన్నోసార్లు నటుడికి ఇచ్చేశాం మనం.

చూసిందే మళ్ళీ మళ్ళీ చూస్తానని సిగ్గుపడుతూ రాశావు. సిగ్గెందుకు? మొదటిసారి కథ మనల్ని ఈడ్చుకుపోతుంది, చుట్టూ చూసే తీరికెక్కడిది? 1957లో వచ్చిన మాయాబజార్ నేనెన్నిసార్లు చూశానో లెక్కలేదు. అర్జునుడి కొడుకు పెళ్ళి కథ. పాండవులు జూదంలో ఓడిపోవడంతోనే చిక్కులన్నీ మొదలవుతాయి. అయినా ఆ సినిమాలో పాండవులు ఒక్కసారి కూడా కనిపించరు. ఎవరో చెప్పేదాకా ఇది నాకు తట్టనేలేదు. నమ్మలేక మళ్ళీ పెట్టుకుని వెతికాను. నిజమే, లేరు. ఇలాంటిది ఒక్కటి నీ అంతట నువ్వు పట్టుకుంటే చాలు, వ్యాసం దాని చుట్టూ అల్లుకుంటుంది. కథ మొత్తం చెప్పే పని కూడా తప్పుతుంది. నీ సినిమా వ్యాసాలు రెండిట్లోనూ సగం కథే ఉంది, పైగా ముగింపుతో సహా! చూడనివాళ్ళు నీకేం అన్యాయం చేశారు?

అయిదుకి ఇన్ని మార్కులని వేయడం మానెయ్. మూడున్నరకీ నాలుక్కీ తేడా నాకు ఇంతవరకూ తెలియలేదు.

నవల మీద రాసినదాంట్లో రెండో పేజీ బాగుంది (చూడు, నేనూ అనేశాను). ఆ తల్లి పాత్ర తలుపు దగ్గరే నిలబడి మాట్లాడుతుంది, ఎప్పుడూ లోపలికి రాదు అని పట్టుకున్నావే, అది. మిగతాదంతా కొట్టేసి అక్కణ్ణుంచి మొదలుపెట్టు.

ఇక ఆ సీరియల్ వ్యాసం. ఆఖరి ఎపిసోడ్ ఇంకా చూడకపోతే, చూసేలోపే ఒక పేజీ రాసి పెట్టుకో. అందులో ఎవరు బతకాలనుకుంటున్నావో, ఎవరు వెళ్ళిపోతే తట్టుకోలేవో రాయి. చూసేశాక ఆ పేజీ రాయడం నీవల్ల కాదు. ఇంతకీ చూసేశావా?

ఉంటాను.