హోటల్లో సర్వర్‌ని.. పిక్కల మీద నరాలు ఉబ్బాయి, ఉద్యోగం మానేయాలా?

ప్రశ్న: నా వయసు 32. మాది పలాస. తొమ్మిదేళ్లుగా హైదరాబాద్‌లో ఒక బిర్యానీ హోటల్లో సర్వర్‌గా చేస్తున్నాను. పొద్దున 11కి ఎక్కితే దిగేసరికి రాత్రి 12. మధ్యలో సాయంత్రం గంటన్నర బ్రేక్, ఆదివారాలు అదీ ఉండదు. నెలకు రెండు సెలవులు. రెండేళ్లుగా ఎడమ పిక్క మీద నరాలు నీలంగా ఉబ్బి మెలికలు తిరిగాయి. రాత్రి డ్యూటీ దిగేసరికి పాదాలు బూట్లలోంచి రావు. పడుకున్నాక పిక్కలు పట్టేస్తున్నాయి. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టు ఉంటుంది. ఆర్‌ఎంపీ దగ్గర నరాల సూదులు పది చేయించుకున్నా, తగ్గలేదు. ఏడాదిగా మెడికల్ షాపులో ఇచ్చిన నొప్పి బిళ్ల, గ్యాస్ బిళ్ల రోజూ వేసుకుంటున్నాను. బాత్రూమ్‌కి వెళ్తే కెప్టెన్ అరుస్తాడని డ్యూటీలో నీళ్లు తక్కువ తాగుతాను, మూత్రం మంటగా వస్తోంది. జీతం 16 వేలు, టిప్పులు వేరే. అమ్మకు కూడా ఇలాగే నరాలు ఉబ్బి, చీలమండ దగ్గర పుండు పడి ఏడాదిగా మానట్లేదు. ఊళ్లో టిఫిన్ బండి నడుపుతుంది. నాకు ఆపరేషన్ చేయించుకోవాలా? ఈ పని మానేయాలా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: కాళ్ల గురించి ఇంత వివరంగా రాసిన మీరు, రోజూ వేసుకునే నొప్పి బిళ్ల సంగతి ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఉత్తరం మొత్తంలో నన్ను భయపెట్టింది ఆ వాక్యమే. అందుకే అక్కణ్నుంచి మొదలుపెడతాను.

ఆ బిళ్లల షీటు వెనక్కి తిప్పి పేరు చదవండి. డైక్లోఫెనాక్ అనో, అసిక్లోఫెనాక్ అనో ఉంటుంది. కిడ్నీలకు రక్తం సరిగా అందేలా చూసే కొన్ని రసాయనాలు మన ఒంట్లోనే తయారవుతాయి. నొప్పి తగ్గించే క్రమంలో ఈ మందు వాటికీ అడ్డుపడుతుంది. నీళ్లు బాగా తాగే ఆరోగ్యవంతుడు రెండు మూడు రోజులు వాడితే సాధారణంగా ఇబ్బంది ఉండదు. చెమటలు కక్కుతూ, దాహం ఆపుకుంటూ, రోజుకొకటి చొప్పున ఏడాది వాడితే కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది. తోడుగా గ్యాస్ బిళ్ల వేసుకుంటున్నాను కదా అనుకోవద్దు. అది పొట్టలో పుండు పడకుండా కొంత కాపాడుతుందే తప్ప కిడ్నీ జోలికి పోదు.

ఆ బిళ్ల ఈ రోజే ఆపేయండి. ఈ వారంలోనే సీరమ్ క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష), షుగర్, హెమోగ్లోబిన్, మూత్ర పరీక్ష చేయించుకుని బీపీ చూపించుకోండి. మూత్రం మంట అన్నారు కాబట్టి కల్చర్ పరీక్ష కూడా అడగండి. మీ వయసు మగవాళ్లలో మూత్రంలో ఇన్ఫెక్షన్ అంత మామూలు విషయం కాదు, కారణం వెతకాలి. ఈలోగా నొప్పి తట్టుకోలేకపోతే పారాసెటమాల్ 650 వేసుకోవచ్చు, అదీ రోజుకు మూడు దాటకూడదు. మందు తాగే అలవాటున్నా, లివర్ జబ్బున్నా డాక్టర్ని అడక్కుండా అది కూడా వద్దు. మలం తారులా నల్లగా వస్తే మాత్రం అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

ఇక కాళ్లు. మనవాళ్లు ఒంటి మీద పైకి కనిపించే ప్రతిదాన్నీ నరం అనేస్తారు. మీ పిక్క మీద ఉబ్బినవి సిరలు, అంటే కింది నుంచి గుండెకు రక్తం తిరిగి వెళ్లే గొట్టాలు. నరం అనే ఆ ఒక్క మాట వల్ల ఎంతమంది నరాల డాక్టర్ల చుట్టూ తిరుగుతుంటారో! ఆ పది సూదులు చాలావరకు బీ విటమిన్ సూదులై ఉంటాయి. ఉబ్బిన సిరను అవి ఏమీ చేయలేవు. మీరు వెళ్లాల్సింది వాస్క్యులర్ సర్జన్, అంటే రక్తనాళాల సర్జన్ దగ్గరికి, దొరక్కపోతే జనరల్ సర్జన్ దగ్గరికి.

పాదం నుంచి గుండె దాకా రక్తం ఎదురెక్కాలి. ఆ పని చేసే పంపు పిక్క కండరం. అడుగు వేసినప్పుడల్లా అది బిగిసి, సిరలోని రక్తాన్ని పైకి నెడుతుంది. నెట్టింది మళ్లీ కిందికి జారకుండా సిరలో చిన్న చిన్న కవాటాలు తలుపుల్లా మూసుకుంటాయి. కదలకుండా నిలబడితే పంపు ఆగిపోతుంది. అప్పుడు చీలమండ దగ్గర సిరలో ఒత్తిడి, బీపీ మెషిన్‌లో చూసే లెక్కలోనే, 80, 90 దాకా ఉంటుంది. అదే మనిషి నడక మొదలుపెడితే కొద్ది అడుగుల్లోనే అది 30 లోపుకు పడిపోతుంది. కవాటాలు బాగున్నవాళ్ల సంగతి ఇది. మీలా అవి వదులైపోయినవాళ్లలో నడిచినా అంతగా తగ్గదు.

తొమ్మిదేళ్లుగా టేబుళ్ల మధ్య తిరిగీ తిరిగీ కాళ్లు అరిగాయని మీరు అనుకుంటున్నారేమో. నిజానికి మధ్యాహ్నం రష్‌లో మీరు పరుగెడుతున్నప్పుడు పిక్క తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది. సిరల్ని సాగదీసేది మూడున్నర తర్వాత టేబుళ్లు ఖాళీ అయినప్పుడు, ఎవరైనా వస్తారేమోనని చేతులు వెనక్కి కట్టుకుని గోడ పక్కన నిలబడే సమయం. మొన్న మా కుటుంబం భోజనానికి వెళ్లిన చోట ఒక సర్వర్‌ని గమనించాను. ఆర్డర్ రాసుకుని కిచెన్ కౌంటర్ దగ్గర ప్లేట్ల కోసం నిలబడ్డాడు. కాసేపు ఎడమ కాలి మీద, కాసేపు కుడి కాలి మీద, కొంగలాగా. మూడడుగుల దూరంలో ఖాళీ స్టూలు ఉంది. కూర్చుంటే ఎవరేమంటారో అని ఆయన దానివైపు చూడను కూడా చూడలేదు. గంటల తరబడి ఆపరేషన్ థియేటర్లో నిలబడే మా వృత్తిలోనూ ఈ జబ్బు తక్కువేం కాదు. పదేళ్లుగా నేనూ మేజోళ్లు తొడుక్కునే థియేటర్లోకి వెళ్తున్నాను.

ఆ మేజోళ్ల విషయంలో చాలామంది తప్పు చేస్తారు. మీకు కావాల్సింది మోకాలి కింది వరకు వచ్చే కంప్రెషన్ స్టాకింగ్స్, 20 నుంచి 30 ఒత్తిడి రకం. చీలమండ చుట్టుకొలత, పిక్క చుట్టుకొలత పొద్దున్నే వాపు లేనప్పుడు టేపుతో కొలిపించుకుని ఆ సైజే తీసుకోండి. తొడుక్కోవాల్సింది మంచం దిగక ముందు. హోటల్‌కి వచ్చి బట్టలు మార్చుకునేటప్పుడు తొడుక్కుంటే అప్పటికే రక్తం కిందికి దిగి ఉంటుంది. రాత్రి పడుకునే ముందు తీసేయాలి. పైఅంచు మడత పడితే అక్కడ తాడు కట్టినట్టు బిగుస్తుంది, అలా పడనివ్వకండి. ఆరు నెలలకు సాగు పోతుంది, కొత్త జత కొనాలి. షుగర్ ఉన్నవాళ్లు, సిగరెట్ తాగేవాళ్లు పాదాల్లో నాడి చూపించుకోకుండా వీటిని వేసుకోకూడదు, మీ పరీక్షల్లో షుగర్ బయటపడితే ఈ మాట మీకూ వర్తిస్తుంది. ఎలాస్టిక్ గుడ్డ పట్టీ మీ అంతట మీరు చుట్టుకోవద్దు. పైన బిగుతుగా, కింద వదులుగా చుట్టారంటే వాపు ఇంకా పెరుగుతుంది.

నిలబడక తప్పని చోట మడమలు పైకెత్తి దించండి. అరగంటకోసారి ఇరవై సార్లు చాలు, బిల్లు కౌంటర్ వెనక నిలబడి చేస్తే ఎవరికీ కనిపించదు. సాయంత్రం బ్రేక్‌లో చాలామంది మెట్ల మీద కూర్చుని ఫోన్ చూస్తుంటారు. కాళ్లు కిందికి వేలాడినంతసేపూ కూర్చున్నా పెద్ద లాభం ఉండదు. స్టాఫ్ రూములోనో, స్టోర్‌లోనో చాప పరుచుకుని వెల్లకిలా పడుకుని, కూల్‌డ్రింక్ క్రేట్ మీద దిండో మడిచిన దుప్పటో వేసి కాళ్లు దాని మీద పెట్టండి. పాదాలు గుండె కన్నా ఎత్తులో ఉండాలి. ఇరవై నిమిషాలు అలా పడుకుంటే రాత్రి షిఫ్టులో తేడా మీకే తెలుస్తుంది. ఉబ్బిన సిరల మీద నూనె రాసి గట్టిగా మర్దన మాత్రం వద్దు.

ఆపరేషన్ గురించి అడిగారు. సిరల్లో రక్తం ఎటు పారుతోందో చూపే డాప్లర్ స్కాన్ చూడకుండా నేనే కాదు, ఎవరూ చెప్పకూడదు. స్కాన్ మిమ్మల్ని నిలబెట్టి చేయాలి, పడుకోబెట్టి ఐదు నిమిషాల్లో ముగించేస్తే ఏ కవాటం లీకవుతుందో సరిగా తెలియదు. పెద్ద సిరలో లీకు ఉండి, లోపలి సిరలు బాగుంటే లేజర్‌తోనో రేడియోఫ్రీక్వెన్సీతోనో దాన్ని మూసేస్తారు. అదే రోజు నడిపిస్తారు. మీ పని తీరుకు మాత్రం కనీసం వారం పది రోజులు సెలవు అనుకోండి. అలాగని మళ్లీ పన్నెండు గంటలు అదే గోడ పక్కన నిలబడితే కొన్నేళ్లకు ఇంకో సిర ఉబ్బదని హామీ ఇవ్వలేను. చీలమండ లోపలివైపు చర్మం నల్లబడి దురద పెడుతుంటే వాయిదా వేయొద్దు.

రెండు అత్యవసరాలు గుర్తుంచుకోండి. ఉబ్బిన సిర గీరుకుని చిట్లితే రక్తం ధారగా కారుతుంది. కంగారుపడి నిలబడే ఉంటే ఇంకా పోతుంది. వెంటనే పడుకుని, కాలు పైకెత్తించి, శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలి. రెండోది, ఒక కాలు ఉన్నట్టుండి వాచి పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందేమో చూపించుకోవాలి. దానితోపాటు ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే 108కి ఫోన్ చేయండి.

మడమ నొప్పికీ సిరలకూ సంబంధం లేదు. పాదం అడుగున వింటినారిలా బిగిసి ఉండే పొర మడమ దగ్గర దెబ్బతింటే, రాత్రంతా ముడుచుకుని ఉండి పొద్దున మొదటి అడుగుకి లాగుతుంది. మేకు దిగినట్టు అని మీరు రాసిన మాటతోనే సగం రోగ నిర్ధారణ అయిపోయింది. ఎక్స్‌రే తీసి ఎముక పెరిగిందని ఎవరైనా చెబితే బెంగపడకండి, నొప్పి లేనివాళ్లలోనూ అది కనిపిస్తుంది. మంచం దిగక ముందు తువ్వాలు పాదం ముందు భాగానికి తగిలించి, మోకాలు చాపి, ఒంటివైపు లాగి ముప్పై సెకన్లు పట్టుకోండి, మూడుసార్లు. గడ్డకట్టిన వాటర్ బాటిల్‌ని పాదం కింద పెట్టి పదినిమిషాలు దొర్లించండి, హోటల్ ఫ్రీజర్లో వాటికి కొదవ ఉండదు. యూనిఫామ్ కోసం కొన్న ఆ చవక నల్ల బూట్ల అడుగు అట్టలా ఉంటుంది, లోపల సిలికాన్ హీల్ కప్ వేయించండి. రూములో బండల మీద ఒట్టి కాళ్లతో తిరగొద్దు. తగ్గడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది. తొందరపడి మడమలో స్టెరాయిడ్ సూదులు మళ్లీ మళ్లీ చేయించుకుంటే ఆ పొరే తెగిపోవచ్చు.

నీళ్ల దగ్గరికి వద్దాం. డ్యూటీ ఎక్కే ముందు రెండు గ్లాసులు, తర్వాత గంటకో గ్లాసు. మూత్రం పలచని నిమ్మరసం రంగులో ఉంటే చాలు, డికాషన్ రంగులోకి వస్తే తక్కువైనట్టే. పరీక్షల్లో కిడ్నీ తేడా ఉందంటే ఎన్ని నీళ్లు తాగాలో మీ డాక్టరే చెబుతారు. కెప్టెన్ అరుపుల విషయంలో నా దగ్గర మందు లేదు. సర్వర్ మూత్రం ఆపుకుని నిలబడితే కస్టమర్‌కి బిర్యానీ ఒక్క నిమిషం ముందు రాదని ఆయనకు ఎవరైనా చెప్పాలి. డాక్టర్ చీటీలో ‘గంటకోసారి ఐదు నిమిషాలు కూర్చోవాలి, మూత్రం ఆపుకోకూడదు’ అని రాయించుకుని మేనేజర్‌కి ఇవ్వండి. నా దగ్గరికి వచ్చే సర్వర్లకు నేను అలాగే రాసిస్తాను. నోటిమాట వినని చోట కూడా కాగితానికి కాస్త విలువ ఉంటుంది.

ఉద్యోగం మానేయమని నేను చెప్పను. ఆ 16 వేలు మానేస్తే ఇంట్లో ఏం జరుగుతుందో నాకన్నా మీకు బాగా తెలుసు. కానీ మీ గంటలు లెక్కవేశాను. సెలవు వచ్చిన వారంలోనే 70 గంటలు దాటుతోంది, రాని వారంలో 82. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 1988 దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం వారానికి 48 గంటలు, వారానికో సెలవు. కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం సవరించి, పనిచేసేవాళ్లకు కూర్చునే వీలు కల్పించాల్సిందేనన్నాయి. కేరళలో ఆ పోరాటం చేసింది కోళికోడ్ బట్టల షాపుల్లో నిలబడి పనిచేసే ఆడవాళ్లు.

మీకు వెంటనే పనికొచ్చేది ఈఎస్‌ఐ, అంటే ఉద్యోగుల ప్రభుత్వ బీమా. పదిమంది, అంతకు మించి పనిచేసే హోటల్లో 21 వేల లోపు జీతం ఉన్నవాళ్లకు అది వర్తిస్తుంది. మీ జీతంలోంచి 0.75 శాతం, యజమాని వైపు నుంచి 3.25 శాతం కట్టాలి. పే స్లిప్ అడిగి చూడండి. కడుతుంటే డిస్పెన్సరీలో చూపించుకుని, అక్కణ్నుంచి సనత్‌నగర్ ఈఎస్‌ఐ ఆసుపత్రికి రాయించుకోవచ్చు. కావాల్సినన్ని రోజుల చందా ఉంటే, డాక్టర్ సర్టిఫికెట్ మీద తీసుకునే సెలవుకు రోజు జీతంలో 70 శాతం చేతికొస్తుంది, ఏడాదికి 91 రోజుల దాకా.

ఈఎస్‌ఐ కార్డు మీద, మీపై ఆధారపడిన తల్లిదండ్రులకు కూడా వైద్యం ఉంది. ఇది చివర్లో చెబుతున్నది మీ అమ్మగారి కోసం. ఏడాదిగా మానని చీలమండ పుండుకు రోజూ కట్టు మార్చినంత మాత్రాన లాభం లేదు. పైన సిరలో ఒత్తిడి తగ్గించకపోతే అది మానదు, మానినా మళ్లీ పడుతుంది. మీ కాలికి నెల రోజులు ఆగినా ఫరవాలేదు, ఆమె ఆగకూడదు. షుగర్ చూపించి, శ్రీకాకుళం రిమ్స్‌లోగానీ విశాఖ కేజీహెచ్‌లోగానీ డాప్లర్ తీయించండి. ఈ నెల వచ్చే రెండు సెలవులూ కలిపి అడిగి, ముందు ఊరెళ్లండి.