బార్ టైము ఓనర్ నోటిమాటతో పెరగదు

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా ఇంటి ఎదురుగా రెండేళ్ళ నుంచి ఒక బార్ నడుస్తోంది. ముందు షట్టర్ టైముకే దించుతారు. వెనక గేటు నుంచి మాత్రం రాత్రి ఒంటిగంట దాకా మనుషులు వస్తూ పోతూనే ఉంటారు. శని, ఆదివారాలు సౌండ్ బాక్సులు కూడా పెడతారు. అడిగితే ఓనర్ "మాకు ఎక్స్‌ట్రా టైం పర్మిషన్ ఉంది, డిసెంబర్ 31న పోలీసులే ఒప్పుకున్నారు" అంటున్నాడు. మున్సిపాలిటీకి పోతే తమ చేతుల్లో లేదన్నారు. మా పాప ఇంటర్ సెకండియర్. నిద్ర లేదు, చదువు లేదు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ఆయన చెప్పే పర్మిషన్ నిజంగా ఉంటే అది కాగితం మీద ఉంటుంది. ఎవరు ఇచ్చారు, ఏ తేదీకి ఇచ్చారు, ఎన్ని గంటల దాకా అన్నది అందులోనే రాసి ఉంటుంది. మీ పోరాటం అంతా ఆ కాగితం చుట్టూ నడవాలి.

మున్సిపాలిటీ వాళ్ళు మీకు అబద్ధం చెప్పలేదు. ట్రేడ్ లైసెన్స్, చెత్త, రోడ్డు ఆక్రమణ వాళ్ళ పని. మద్యం అమ్మే వేళలు మాత్రం 1968 నాటి ఎక్సైజ్ చట్టం కిందికి వస్తాయి. బార్‌కు ఇచ్చే 2బి లైసెన్స్ ప్రొహిబిషన్ అండ్ ఎక్సైజ్ శాఖది, వేళలు ప్రభుత్వ ఉత్తర్వులతో ఖాయమవుతాయి. జీహెచ్ఎంసీ పరిధికి ఒక టైము, జిల్లాలకు ఒక టైము. హైదరాబాద్‌లో అర్ధరాత్రి దాటినా తెరిచే ఉంటాయి కదా అని మిర్యాలగూడలో వాదిస్తే చెల్లదు.

ఇక డిసెంబర్ 31 సంగతి. కొత్త సంవత్సరానికి ముందు సర్కారు విడిగా ఉత్తర్వు ఇచ్చి టైము పెంచడం మామూలే. అది ఆ ఒక్క రాత్రికే. ఎవరైనా దావత్ కోసం తీసుకునే ఈవెంట్ పర్మిట్ కూడా అంతే, ఆ తేదీతో దాని పని అయిపోతుంది. 2023లో దుకాణాలు 24 గంటలు తెరవొచ్చని జీవో వచ్చినప్పుడు మద్యానికీ వర్తిస్తుందని చాలామంది పొరపడ్డారు. అది షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద ఇచ్చిన వెసులుబాటు, మద్యం వేళలు దానితో మారవు. రేపు మీ ముందు ఆ జీవో పెడితే బెదరకండి.

ఒకవేళ నిజంగానే అదనపు టైము ఉందనుకుందాం. అప్పుడైనా సౌండ్ బాక్సులకు అది రక్షణ కాదు. చాలామంది ఇక్కడే వెనక్కి తగ్గుతారు, తగ్గనక్కర్లేదు. మద్యం అమ్మే అనుమతి వేరు, శబ్దం చేసే అనుమతి వేరు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ వాడకూడదు. మూసిన హాళ్ళ లోపలికి కొంత మినహాయింపు ఉన్నా, బయటికి వచ్చే శబ్దానికి హద్దు ఉంది. నివాస ప్రాంతంలో రాత్రి పరిమితి 45 డెసిబెల్స్. ఇద్దరు నెమ్మదిగా మాట్లాడుకునే శబ్దం కంటే పెద్ద ఎక్కువేం కాదు. ప్రశాంతంగా బతకడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని 2005లో సుప్రీంకోర్టు శబ్ద కాలుష్యం కేసులో చెప్పింది. మద్యం వ్యాపారం ఎవరికీ ప్రాథమిక హక్కు కాదని అదే కోర్టు ఖోడే డిస్టిలరీస్ కేసులో చెప్పింది. మీ పాప నిద్రను, ఆయన వ్యాపారాన్ని ఒకే తూకంలో పెట్టనక్కర్లేదని ఈ రెండు తీర్పులు చదివినప్పుడల్లా నాకు అనిపిస్తుంది. అయితే అనుమతించిన వేళల్లో, చప్పుడు లేకుండా నడుపుకుంటే మాత్రం బార్ ఉండటమే తప్పని మనం అనలేం.

ఇప్పుడు పని. జిల్లా ఎక్సైజ్ కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. ఆ బార్ లైసెన్స్ నకలు, వేళల ఉత్తర్వు, ఈ ఏడాది ఇచ్చిన అదనపు అనుమతులన్నీ అడగండి. జవాబు వచ్చేదాకా చేతులు కట్టుకొని కూర్చోవద్దు. మీ ఇంటి బాల్కనీ నుంచే టైము కనిపించేలా వీడియోలు తీయండి. గేటు దగ్గరికి పోవద్దు, తాగినవాళ్ళతో వాదన అసలే వద్దు. చప్పుడు మొదలైన రాత్రే 100కు ఫోన్ చేసి, ఆ తేదీ, టైము ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి.

"వాళ్ళతో మనకెందుకు" అనే భయం గల్లీలో ఉంటుందని నాకు తెలుసు. అందుకే ఒక్కరే సంతకం పెట్టకండి, పది ఇళ్ళవాళ్ళను కలుపుకోండి. ఎక్సైజ్ అధికారికి ఇచ్చే ఫిర్యాదులో ఎక్సైజ్ చట్టం 31వ సెక్షన్ కింద లైసెన్స్ సస్పెండ్ చేయాలని స్పష్టంగా రాయండి. షరతులు మీరితే లైసెన్స్ ఆపే, రద్దు చేసే అధికారం ఆ సెక్షన్‌లోనే ఉంది. ఒక కాపీ సోమవారం నల్గొండ కలెక్టరేట్ ప్రజావాణిలో ఇచ్చి రశీదు తీసుకోండి. ఇంకో పిటిషన్ మీ ఊళ్ళోనే ఆర్డీవోకు ఇవ్వండి. బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 152వ సెక్షన్ కింద పబ్లిక్ న్యూసెన్స్ ఆపమని ఉత్తర్వు ఇచ్చే అధికారం ఆయనకు ఉంది. ఇన్ని చేసినా కదలిక లేకపోతే ఈ రశీదులతోనే హైకోర్టులో రిట్ వేయొచ్చు. రశీదులు లేకుండా వస్తే "ముందు అధికారులను అడిగారా?" అని కోర్టు మొదటే అడుగుతుంది.

ఆర్డీవో పిటిషన్‌లో పాప పరీక్షల సంగతి తప్పక రాయండి. హాల్ టికెట్ వచ్చి ఉంటే జిరాక్స్ జత చేయండి, రాకపోతే కాలేజీ నుంచి స్టడీ సర్టిఫికెట్ తీసుకొని పెట్టండి.