ఎముక అతికింది, మరి వేళ్ళెందుకు మొద్దుబారాయి?

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 46 ఏళ్ళు, ఇంట్లో జాకెట్లు కుడతాను. ఆమధ్య వాకిట్లో కాలు జారి కుడిచెయ్యి ఆనించి పడ్డాను. మణికట్టు విరిగిందని ఆరు వారాలు సిమెంటు కట్టు వేశారు. కట్టు విప్పి రెండు నెలలు దాటింది, ఎక్స్‌రేలో బాగానే అతికిందన్నారు. కానీ బొటనవేలు, దాని పక్క రెండు వేళ్ళు తిమ్మిరెక్కి మొద్దుగా ఉంటున్నాయి. అర్ధరాత్రి మెలకువొచ్చి చెయ్యి విదిలించుకుంటే గానీ తగ్గట్లేదు. సూది పట్టు తెలియట్లేదు, కత్తెర జారిపోతోంది. నీరసం అని విటమిన్ మాత్రలు రాశారు. మా ఆడపడుచు పుత్తూరు వెళ్ళి కట్టు కట్టించుకోమంటోంది. షుగర్ కూడా ఉంది. ఒకటే టెన్షన్‌గా ఉంది.
– ఓ సోదరి, తెనాలి

జవాబు: ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుందమ్మా, నరం కనిపించదు. మీ బాధ నరానిదిలా ఉంది, అతికిన ఎముకకి మళ్ళీ కట్టు దేనికి? పుత్తూరు ప్రయాణం మానుకోండి, గట్టిగా మర్దనలు కూడా వద్దు.

ఏ వేళ్ళో విడివిడిగా రాసి మంచిపని చేశారు, చాలామంది "చెయ్యంతా తిమ్మిరి" అని ఊరుకుంటారు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం, ఇంతవరకూ స్పర్శ ఇచ్చేది మీడియన్ నరం. అది మణికట్టు దగ్గర, వేళ్ళని ముడిచే తొమ్మిది టెండన్లతో (కండని ఎముకకి కలిపే తాళ్ళలాంటివి) కలిసి ఇరుకు దారిలోంచి వెళ్తుంది, అడుగున ఎముకలు, పైన సాగని గట్టి పట్టీ. ఎముక విరిగి లోపల వాపు మిగిలినా, కాస్త వంకరగా అతికినా ఆ దారి ఇంకా బిగిసి నరం నలుగుతుంది. దీన్నే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు. నిద్రలో మణికట్టు ముడుచుకుంటుంది, అందుకే రాత్రిపూట ఎక్కువ. షుగర్ ఉన్నవాళ్ళకి ఇది ఇంకా తేలిగ్గా వస్తుంది. అదే చిటికెన వేలు మొద్దుబారితే వేరే నరం, రెండు చేతులూ పాదాలూ కూడా అయితే కథే వేరు.

ఇప్పుడు రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. బొటనవేలి మొదట్లో ఉండే కండ కుడిచేతికి చప్పబడినట్టుంటే ఈ వారమే ఎముకల డాక్టరుని గానీ చేతి సర్జన్‌ని గానీ కలవండి, ఎందుకంటే ఆ కండ కరిగిపోయాక ఆపరేషన్ చేసినా పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. చప్పబడకపోయినా వెళ్ళాల్సిందే, కత్తెర జారుతోందంటున్నారు కదా. నరం ఎలా పనిచేస్తోందో చూసే నర్వ్ కండక్షన్ పరీక్ష గురించి అడగండి, చిన్నచిన్న కరెంటు చురుకులు పెడతారు, అంతే.

నరం మీద ఒత్తిడి కొద్దిగానే ఉంటే రాత్రి మణికట్టుని తిన్నగా ఉంచే స్ప్లింట్ కొన్ని వారాలు వాడి చూస్తారు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తామంటే మీకు షుగర్ ఉందని చెప్పండి, కొద్దిరోజులు పెరుగుతుంది. ఎక్కువగా ఉంటే ఆ పట్టీని కోసి దారి వదులు చేస్తారు, సాధారణంగా చెయ్యి వరకే మత్తిచ్చి, అదే రోజు ఇంటికి పంపేస్తారు. రాత్రి బాధ త్వరగానే పోతుంది గానీ స్పర్శకీ పట్టుకీ నెలలు పడుతుంది, దెబ్బతిన్న నరం రోజుకి దాదాపు ఒక మిల్లీమీటరే పెరుగుతుంది మరి.

విటమిన్ మాత్రల సంగతంటారా, మీరు షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడుతుంటే బి12 తగ్గి ఉండొచ్చు, పరీక్ష చేయించి లోటుంటే వేసుకోండి. నలుగుతున్న నరాన్ని మాత్ర మాత్రం విడిపించలేదు.

ఇంకా కట్టులోనే ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే: నొప్పీ తిమ్మిరీ గంటగంటకీ పెరుగుతుంటే తెల్లారేదాకా ఆగకండి, అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్ళండి.

ఈలోగా కుట్టుపని మధ్యమధ్య ఆపుతూ చేసుకోండి, కత్తెర పిడికి గుడ్డ చుట్టి లావు చేస్తే జారదు. ఇస్త్రీపెట్టె, మూకుడు మాత్రం ఎడమచేత్తోనే ముట్టుకుని వేడి చూసుకోండి, మొద్దుబారిన వేళ్ళకి కాలినా తెలియదు.