సమీకరణంలోంచి సమీకరణాన్ని తీసివేయవచ్చునా?

ప్రశ్న: పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి రేఖీయ సమీకరణాల జతను తొలగింపు పద్ధతిలో సాధిస్తుంది కానీ, ఒక సమీకరణంలోంచి మరొకదాన్ని తీసివేయడం ఎందుకు చెల్లుతుందని అడిగితే చెప్పలేకపోతోంది. ఒక లెక్కలో చివరికి 0 = 7 అని వచ్చింది. అది తప్పినట్టేనా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: సమానమైన వాటిలోంచి సమానమైన వాటిని తీసివేస్తే మిగిలేవీ సమానమే, ఈ పద్ధతికి ఉన్న ఆధారమంతా అదే. మీ నల్లగొండ బత్తాయితోనే చూద్దాం. మూడు కిలోల బత్తాయిలకు, రెండు కిలోల నిమ్మకాయలకు కలిపి 310 రూపాయలు, అవే ధరలకు ఐదు కిలోల బత్తాయిలకు, మూడు కిలోల నిమ్మకాయలకు 490 రూపాయలు అయ్యాయనుకోండి. కిలో ధరలను వరుసగా బ, న అనుకుంటే:

3బ + 2న = 310
5బ + 3న = 490

న గుణకాలైన 2, 3ల క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) 6 కనుక, మొదటి సమీకరణాన్ని 3తోను, రెండోదాన్ని 2తోను గుణిస్తే 9బ + 6న = 930, 10బ + 6న = 980 వస్తాయి. ఇప్పుడు రెండు కొనుగోళ్లలోనూ నిమ్మకాయలు ఆరు కిలోలే కాబట్టి, ఖర్చులో కనిపించే 50 రూపాయల తేడా అంతా అదనంగా కొన్న ఒక్క కిలో బత్తాయిదే. బ = 50ని మొదటి సమీకరణంలో ప్రతిక్షేపిస్తే న = 80 వస్తుంది; రెండోదానిలో సరిచూస్తే 250 + 240 = 490.

పిల్లలు ఎక్కువగా తప్పేది గుణకారంలో కాదు, గుర్తుల్లో. 3అ + 4ఇ = 24 నుంచి 3అ – 2ఇ = 6ను తీసివేసేటప్పుడు 6ఇ = 18 రావాలి; తొందరలో 2ఇ = 18 అని రాస్తే ఇ = 3కు బదులు 9 అవుతుంది. తీసివేయవలసిన సమీకరణంలోని ప్రతి పదానికీ, కుడివైపు సంఖ్యతో సహా, గుర్తు మార్చి రాసుకుని కూడటమే మేలు.

క.సా.గు. ప్రతిసారీ అవసరం కాదు. ప్రాచీన కవి పావులూరి మల్లన తెలుగు చేసిన మహావీరాచార్యుని గణితసారసంగ్రహంలో 9 మాదీఫలాలు (ఒక నిమ్మజాతి పండ్లు), 7 వెలగపండ్ల వెల 107 అనీ, 7 మాదీఫలాలు, 9 వెలగపండ్ల వెల 101 అనీ ఒక లెక్క ఉంది. రెండింటినీ కూడి 16తో భాగిస్తే వెలల మొత్తం 13, తీసివేసి 2తో భాగిస్తే తేడా 3. అంటే వెలలు 8, 5.

ఇక 0 = 7 సంగతి. గుర్తులు సరిగానే ఉంటే మీ అమ్మాయి లెక్క తప్పలేదు. పై బత్తాయి లెక్కలో రెండో కొనుగోలు 6బ + 4న = 627 అయి ఉంటే, మొదటిదాన్ని రెట్టింపు చేసి తీసివేయగానే 0 = 7 మిగులుతుంది. సరుకు సరిగ్గా రెట్టింపైనా డబ్బు రెట్టింపు కాలేదు గనుక, రెండు కొనుగోళ్లకూ ఒకే ధరలు ఉండే అవకాశం లేదు. ఆ జతకు సాధన లేదని రాయాలి. అదే 620 అయి ఉంటే 0 = 0 వచ్చేది; అప్పుడు రెండో చీటీ కొత్త సమాచారమేమీ ఇవ్వదు కనుక సాధనలు అనంతం.