డిసెక్షన్ హాలంటే భయపడే అమ్మాయి సర్జన్ కాగలదా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతోంది. సర్జన్ కావాలని కోరిక. కానీ మృతదేహాన్ని కోయాలంటే భయపడుతోంది. కొన్ని కాలేజీల్లో శరీరాన్ని తెర మీదే విప్పి చూపించే వర్చువల్ డిసెక్షన్ టేబుళ్లు ఉన్నాయట. అలాంటి కాలేజీలో చేర్పిస్తే సరిపోతుందా?

జవాబు: ఈ భయం ఒక్కటే కారణంగా సర్జరీ ఆశ వదులుకోనక్కర్లేదు. అయితే భయాన్ని తప్పించడం కోసమే కాలేజీని ఎంచుకుంటే, సర్జన్ కావాలనుకునే అమ్మాయికి అత్యంత అవసరమైన పునాదిని మీరే బలహీనపరచినవారవుతారు.

ఎంబీబీఎస్ మొదటి సంవత్సరంలో అనాటమీ (శరీర నిర్మాణ శాస్త్రం) పాఠంతో పాటే డిసెక్షన్, అంటే మృతదేహాన్ని కోసి పరిశీలించడం కూడా సాగుతుంది. ఉదాహరణకు చంక భాగాన్నే తీసుకుందాం. చేతికి వెళ్లే నరాలన్నీ అక్కడ ఒక వలలా అల్లుకుని ఉంటాయి. పుస్తకంలో అవి పసుపు రంగులో, రక్తనాళాలు ఎరుపు, నీలం రంగుల్లో విడివిడిగా కనిపిస్తాయి. బల్ల మీది దేహంలో అంత స్పష్టమైన రంగులు ఉండవు. దేహం పాడవకుండా వాడే ఫార్మలిన్ అనే రసాయనంలో గట్టిపడిన కొవ్వును ఫోర్సెప్స్‌తో కొద్దికొద్దిగా తొలగిస్తూ, ఏది నరమో ఏది రక్తనాళమో వేలితో తాకి, అది ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడికి పోతోందో వెతికి పట్టుకోవలసి ఉంటుంది. తొందరపడి లాగితే సన్నని నరం తెగిపోతుంది, తెగినదాన్ని మళ్లీ చూడలేము. ఎంత లోతున ఏముంటుంది, ఎంత బలం వాడాలి అన్న అంచనా చేతికి అలవడేది ఇక్కడే.

అంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది: ఏ రెండు శరీరాలూ అచ్చంగా ఒకేలా ఉండవు. పిత్తాశయాన్ని తొలగించే ఆపరేషన్‌లో దానికి రక్తం అందించే ధమనినీ, పైత్యరసం వచ్చే చిన్న నాళాన్నీ గుర్తించి మూసివేస్తారు. ఆ ధమని పుట్టే చోటు, పోయే దారి కొందరిలో పుస్తకంలోని బొమ్మకు భిన్నంగా ఉంటాయి. ప్రధాన పైత్యనాళాన్ని చిన్న నాళమని పొరబడి కోస్తే రోగికి తీవ్రమైన హాని జరుగుతుంది. తన బల్ల మీదే కాక పక్క బల్లల మీద కూడా ఇలాంటి తేడాలు చూసిన విద్యార్థికి, కత్తి పెట్టే ముందు ఒకటికి రెండుసార్లు నిర్ధారించుకోవాలన్న జాగ్రత్త అలవాటవుతుంది. వర్చువల్ టేబుల్ పునశ్చరణకు, అడ్డుకోతల చిత్రాలను అర్థం చేసుకోవడానికి ఎంతో మంచి సాధనమే. కానీ స్పర్శను నేర్పడం దానివల్ల కాదు.

ఇంతమాత్రాన డిసెక్షనే శస్త్రచికిత్స శిక్షణ అనుకోకూడదు. ఫార్మలిన్ పట్టించిన దేహంలో కణజాలం బిరుసెక్కి ఉంటుంది, రక్తస్రావం ఉండదు. ఆపరేషన్ చేయడాన్ని ఎంబీబీఎస్ తర్వాత మూడేళ్ల ఎంఎస్ (సర్జరీ పీజీ) కోర్సులో సీనియర్ల పక్కన నిలబడి నేర్చుకుంటారు. సహజమైన మెత్తదనం పోకుండా భద్రపరచిన దేహాల మీద సర్జన్లకు ప్రత్యేక శిక్షణ ఇచ్చే కేంద్రాలు కూడా మన దేశంలో ఉన్నాయి.

ఇక భయం సంగతి. అది ఎక్కువమందిలో మొదటి కొన్ని వారాల్లోనే తగ్గిపోతుంది, ఎందుకంటే మనసు మరణం మీంచి మళ్లి పని మీద నిలుస్తుంది. 2019 నుంచి అమల్లో ఉన్న పాఠ్యప్రణాళిక మృతదేహం పట్ల గౌరవంగా మెలగడాన్ని కూడా నేర్చుకోవలసిన అంశాల్లో చేర్చింది. చాలా కాలేజీల్లో డిసెక్షన్‌కు ముందు విద్యార్థులతో ప్రమాణం చేయిస్తారు. 2024 సెప్టెంబరులో సీపీఎం నేత సీతారాం ఏచూరి మరణించినప్పుడు ఆయన కుటుంబం భౌతికకాయాన్ని బోధన, పరిశోధనల కోసం ఢిల్లీ ఎయిమ్స్‌కు అప్పగించింది. ఇలాంటి దానాల గురించి ఇంట్లో అమ్మాయితో మాట్లాడండి. ధైర్యం చెప్పే మాటలకన్నా అది ఎక్కువగా పనిచేస్తుందని నా నమ్మకం.

నీట్ ర్యాంకు వచ్చాక, విజయవాడ లేదా వరంగల్ ఆరోగ్య విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు, ఆయా కాలేజీల మొదటి, రెండో సంవత్సరం విద్యార్థులను కలవండి. ఒక్కో దేహం దగ్గర ఎంతమంది ఉంటారు, విద్యార్థులే స్వయంగా కోస్తారా లేక ముందే కోసి ఉంచినదాన్ని చూపించి సరిపెడతారా అని అడగండి. ఫీజు, దూరం ఒకేలా ఉన్న రెండు కాలేజీల మధ్య ఎంపిక వస్తే, విద్యార్థి చేతికి స్కాల్‌పెల్ ఇచ్చే కాలేజీనే ముందు పెట్టండి. అమ్మాయికి ఉబ్బసం గానీ చర్మ అలర్జీ గానీ ఉంటే, ఫార్మలిన్ ఘాటు ఇబ్బంది పెట్టవచ్చు కాబట్టి, ఆ విషయం చేరిన మొదటి వారంలోనే అనాటమీ విభాగానికి తెలియజేయండి.